కృష్ణపదార్థ డిటెక్టర్లకు స్ఫటికం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సోడియం అయొడైడ్ 99.99 శాతం శుద్ధితో దొరుకుతుంది కదా. కృష్ణపదార్థాన్ని, అంటే విశ్వంలో కంటికి కనిపించని పదార్థాన్ని, వెతికే డిటెక్టర్ల స్ఫటికాలకు అది ఎందుకు చాలదు?

జవాబు: కణం తగిలితే స్ఫటికం సన్నగా మెరుస్తుంది; ఆ మెరుపులనే డిటెక్టర్ లెక్కిస్తుంది, కాబట్టి మలినాల మెరుపులు ఉండకూడదు. మిగిలిన 0.01 శాతమంటే వంద కోట్ల పాళ్లలో లక్ష పాళ్లు. అందులో ఏముందన్నదే ముఖ్యం. అన్నిటికన్నా చిక్కు పెట్టేది పొటాషియం. సోడియం ఉన్న గ్రూపులోదే కనుక తేలిగ్గా విడిపోదు. సహజ పొటాషియంలో 0.0117 శాతం రేడియోధార్మిక పొటాషియం-40. అందులో పదోవంతు ఆర్గాన్‌గా మారుతూ 3.2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) చిన్న మెరుపునూ, 1460 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాన్నీ వదులుతుంది. గామా స్ఫటికం దాటిపోతే మెరుపు ఒక్కటే నమోదవుతుంది. ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలలో కృష్ణపదార్థాన్ని వెతికే డామా బృందం ఏటా పెరిగి తగ్గే సంకేతం కనిపించిందని చెప్పిన 2–6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పరిధిలోకే అది వచ్చి పడుతుంది. పొటాషియం వంద కోట్లకు 20 పాళ్లే ఉన్నా, కిలో స్ఫటికంలో రోజుకు అయిదారు ఇలాంటి మెరుపులు పుడతాయి. అందుకే 99.99 అన్న అంకెను కాదు, పొటాషియం కొలతను అడగాలి.

ప్రశ్న: మరి పొటాషియాన్ని తీసేదెలా? స్ఫటికం పెంచేటప్పుడు ఎందుకు పగులుతుంది?

జవాబు: ఒక పద్ధతి, వేడినీటిలో కరిగించి మళ్లీ స్ఫటికాలు కట్టించడం. పొటాషియం చాలావరకు ద్రావణంలోనే ఉండిపోతుంది. ఇంకొకటి జోన్ రిఫైనింగ్: పొడవాటి కడ్డీ మీదుగా సన్నని కొలిమిని ఒకే దిశలో పలుమార్లు నడిపితే పొటాషియం కరిగిన భాగంతోపాటు చివరి కొసకు చేరుతుంది. ఆ కొసను కోసి పారేయాల్సిందే. పొదుపు చేద్దామని తిరిగి కలిపితే పడిన శ్రమంతా వృథా.

పగుళ్లకు తరచూ కారణం తేమ. సోడియం అయొడైడ్ గాలిలోని నీటిని ఇట్టే పీల్చేస్తుంది. తడి మిగిలి ఉండగానే వేడెక్కిస్తే సోడియం హైడ్రాక్సైడ్ ఏర్పడి క్వార్ట్జ్ మూసను తినేస్తుంది, ద్రవం గోడకు అతుక్కుంటుంది. చల్లారేటప్పుడు సోడియం అయొడైడ్ క్వార్ట్జ్ కంటే చాలా ఎక్కువ కుంచించుకుంటుంది, అంటుకున్నచోట చీలుతుంది. కాబట్టి శూన్యంలో, వేడిని మెల్లమెల్లగా పెంచుతూ పొడిని పూర్తిగా ఆరబెట్టాకే 661 డిగ్రీల సెల్సియస్ ద్రవీభవన స్థానం దాటించాలి. మూస లోపల కార్బన్ పూత ఉంటే మరీ మంచిది.

మెరుపు కోసం కలిపే థాలియం అనే లోహం కూడా ద్రవంలోనే ఉండిపోవాలని చూస్తుంది. అందుకే చివర గట్టిపడిన భాగంలో అది ఎక్కువ, కాంతి ఒకేలా రాదు.

ప్రశ్న: స్ఫటికం సిద్ధమయ్యాక జాగ్రత్తలేమిటి?

జవాబు: గాలిలోని రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఉపరితలంపై రేడియోధార్మిక సీసం-210ను వదులుతుంది. దాని అర్ధాయువు 22 ఏళ్లు. కోత, మెరుగు రెండూ పొడి నైట్రోజన్ నింపిన గ్లవ్‌బాక్సులోనే (చేతితొడుగులు బిగించిన మూసిన పెట్టె) చేసి, రాగి తొడుగులో బిగించాలి. నేలపై ఉన్నంతసేపూ అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు లోపల ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) పుట్టిస్తాయి, అది ఏ కడుగుడుకూ పోదు. విమానంలో పంపకుండా, వీలైనంత త్వరగా భూగర్భానికి చేర్చాలి.