టైటానిక్ ఎలా విరిగింది, తెరమీద ఎలా విరగాలి?

ఏప్రిల్ నెల వస్తే చాలు, 1912లో ఇదే నెలలో మంచుకొండ తగిలి మునిగిన టైటానిక్ ఓడ మీద ప్రశ్నలు మొదలవుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం యానిమేషన్ నేర్చుకుంటున్న పిల్లలవి. అందుకే ఈ సంచికలో జాగా అంతా వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: యానిమేషన్ కోర్సు చివరి సంవత్సరంలో ఉన్నాను. టైటానిక్ రెండు ముక్కలవడాన్ని చిన్న సినిమాగా చేసి ప్రాజెక్టుగా ఇద్దామనుకుంటున్నా. కానీ ఒక వీడియోలో వెనక భాగం ఆకాశంలోకి లేచాక విరుగుతుంది, ఇంకోదాంట్లో కాస్త లేవగానే విరుగుతుంది. పైనుంచి చీలిందని ఒకరు, అడుగు నుంచి అని ఇంకొకరు. ఏది నమ్మాలి? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: కాస్త లేవగానే విరిగిందన్నదే నమ్మండి. 1997లో వచ్చిన జేమ్స్ కామెరాన్ సినిమా చూసినవాళ్ళందరికీ వెనక భాగం బాగా పైకి లేచి, ఫటేల్మని రెండయ్యే దృశ్యం మనసులో ముద్రపడిపోయింది. కానీ ఆ కామెరానే 2012లో నౌకా ఇంజనీర్లను కూర్చోబెట్టి కంప్యూటర్‌లో మళ్ళీ లెక్కలు వేయిస్తే కోణం 23 డిగ్రీల దగ్గరికి దిగింది. రోజర్ లాంగ్ అనే నౌకా నిపుణుడు ఇంకా తక్కువ, 11 డిగ్రీల దగ్గరే విరిగి ఉండాలన్నాడు. అంతకంటే నిటారుగా లేచేదాకా ఆ ఉక్కు ఆగదు, అదీ అసలు సంగతి.

ఎందుకు ఆగదో చూడండి. ఓడ పొడవు 269 మీటర్లు. మామూలుగా కింద నీళ్ళు దాన్ని మొదలు నుంచి చివర దాకా మోస్తుంటాయి. ముందు భాగం నిండి మునిగేకొద్దీ వెనక భాగం, మూడు ప్రొపెల్లర్లతో సహా, గాల్లోకి లేచింది. గాలి బరువు మోయదు కదా, ఆ భారమంతా ఓడ నడుము మీద పడింది. చెరుకు గడని మోకాలికి అడ్డం పెట్టి విరిచినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి: బయటివైపు సాగి సాగి చీలుతుంది, మోకాలి వైపు నలిగిపోతుంది, చివర్లో తొక్క కాసేపు తెగకుండా వేలాడుతుంది. ఇక్కడ సాగింది పై డెక్కులు (ఓడ అంతస్తులు), నలిగింది అడుగు భాగం.

ఎక్కడ విరిగిందన్నదాంట్లో పెద్దగా గొడవ లేదు. మూడో పొగగొట్టానికీ నాలుగో పొగగొట్టానికీ మధ్య. అక్కడున్న ఒకటో నంబరు బాయిలర్ (ఇంజన్లకి ఆవిరి తయారుచేసే పెద్ద పీపా) గదిలోని ఐదు బాయిలర్లూ బయటికి జారి సముద్రం అడుగున పడి ఉన్నాయి. దాని వెనకున్న పెద్ద ఇంజన్లు మాత్రం వెనక ముక్క మొదట్లోనే నిలబడి ఉన్నాయి. అంటే చీలిక ఆ రెంటి మధ్య ప్రాంతం గుండా పోయింది. ఇంజన్ల గది పెద్ద ఖాళీ, పైన రెండో మెట్లదారి కోసం డెక్కుల్లో వదిలిన ఖాళీ ఇంకొకటి, నడుము బలహీనపడటానికి ఇవీ తోడయ్యాయి.

పైనుంచా, కిందనుంచా అన్నదే ఇప్పటికీ తెగని వాదన. ఓడ అడుగున రెండు పొరల ఉక్కు ఉంటుంది, డబుల్ బాటమ్ అంటారు. 2005లో వెళ్ళిన యాత్రలో దాని పెద్ద ముక్కలు రెండిటిని పరిశీలించారు. అవి ఓడ నుంచి పూర్తిగా ఊడి, విడిగా పడి ఉన్నాయి. అడుగే ముందు నలిగి కూలిందనేవాళ్ళకీ, పైన చీలాక అడుగు కొంతసేపు పట్టుకుని ఉండి తర్వాత ఊడిందనేవాళ్ళకీ ఇద్దరికీ అవే సాక్ష్యం. నేనైతే రెండో దాని వైపు. పై డెక్కులో చీలిక మొదలై పక్క గోడల మీదుగా కిందికి పాకి, ఆఖరున డబుల్ బాటమ్ దగ్గర ఆగి, అక్కడ వేలాడి తెగడం. మీ ప్రాజెక్టులో ఏదో ఒకటి ఎంచుకుని, ఏది ఎంచుకున్నారో టైటిల్ కార్డులో ఒక వాక్యం రాయండి. చూసేవాళ్ళకి ఆ మాత్రం చెప్పాలి.

ప్రశ్న: ఓడ ముక్కలవడం వందల మంది చూసి ఉంటారు కదా. మరి 1985 దాకా ముక్కలు కాలేదని పుస్తకాల్లో ఎందుకు రాశారు? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ముక్క ఇదేనండీ. చూసినవాళ్ళున్నారు, చెప్పినవాళ్ళూ ఉన్నారు. 17 ఏళ్ళ జాక్ థాయర్ చెప్పాడు. ఏడేళ్ళ ఈవా హార్ట్ బతికినన్నాళ్ళూ అదే చెప్పింది. ఓడ సిబ్బందిలో కొందరు విచారణలోనే చెప్పారు. అయితే బతికి బయటపడ్డ అధికారుల్లో పెద్దవాడైన చార్లెస్ లైటోలర్ ఓడ చెక్కుచెదరకుండా మునిగిందన్నాడు, చదువుకున్న ప్రయాణికుల్లోనూ కొందరు అలాగే అన్నారు. అమెరికా సెనేట్ విచారణా, బ్రిటన్‌లో లార్డ్ మెర్సీ విచారణా రెండూ ఆ మాటే ఖాయం చేశాయి. పిల్లలూ, కూలి నావికులూ భయంలో ఏదో చూశారనుకున్నారు.

అబద్ధమాడారని నేను అనను. ఆ రాత్రి చంద్రుడు లేడు. ఓడ దీపాలు విరగడానికి కాస్త ముందో, విరుగుతున్నప్పుడో ఆరిపోయాయి. ఏ పడవ ఏ వైపున ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఒకరికి చీలిక కనపడింది, ఒకరికి పెద్ద చప్పుడు వినపడింది, ఒకరికి చీకట్లో లేచి నిలబడ్డ నల్లటి ఆకారం తప్ప ఇంకేమీ కనపడలేదు. 1985 సెప్టెంబరు 1న రాబర్ట్ బల్లార్డ్, ఝాన్ లూయీ మిషెల్ బృందాలు శిథిలాన్ని కనుక్కున్నాయి. కెమెరాకి మొట్టమొదట చిక్కింది ఒక బాయిలర్. తర్వాత తేలిందేమిటంటే ముందు ముక్క ఒకచోట, వెనక ముక్క దాదాపు 600 మీటర్ల అవతల. 73 ఏళ్ళ తర్వాత ఆ పిల్లల మాట నిజమైంది. అప్పటికి థాయర్ బతికి లేడు, ఈవా హార్ట్ ఉంది.

ప్రశ్న: బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో టైటానిక్ మోడల్ చేసి, అందులోని సెల్ ఫ్రాక్చర్ అనే సాధనంతో విరిస్తే గాజు గ్లాసు పగిలినట్టు ముక్కలు ముక్కలవుతోంది. నీళ్ళు కూడా స్నానాల తొట్టిలో బొమ్మ మునిగినట్టున్నాయి. ఎక్కడ తేడా కొడుతోంది? (ఒక కుర్రాడు, విశాఖపట్నం)

జవాబు: రెండు విడి సమస్యలు. ముందు ఉక్కు. సెల్ ఫ్రాక్చర్ లాంటి పద్ధతులు వస్తువుని అడ్డదిడ్డంగా గడులుగా కోస్తాయి, అది గాజుకీ కాంక్రీటుకీ సరిపోతుంది. టైటానిక్ ఒంటికి ఉన్నది అంగుళం మందాన, సుమారు 9 మీటర్ల పొడవు, దాదాపు 2 మీటర్ల వెడల్పు ఉండే రేకులు, వాటిని ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కించి రివెట్లతో, అంటే లోహపు మేకులతో, బిగించారు. ఓడ మొత్తంలో రివెట్లు 30 లక్షలని లెక్క. అది విరిగితే రేకులు వంగుతాయి, అంచులు ముడుచుకుంటాయి, చీలిక రివెట్ల వరుస వెంట పరిగెత్తుతుంది, ఒక్కోచోట వరుస వదిలేసి రేకు మధ్యలోంచి అడ్డంగా చిరుగుతుంది. కాబట్టి చీలిక గీతని సాఫ్ట్‌వేర్‌కి వదలొద్దు, మీరే చేత్తో గీయండి. ఓడ మొత్తాన్ని కొయ్యాల్సిన పనీ లేదు, మూడో పొగగొట్టం వెనక నుంచి నాలుగోదాని దాకా ఉన్న భాగం చాలు.

ఆ భాగంలో ఒక్కో రేకుని విడి వస్తువుగా చేసి వాటి మధ్య రిజిడ్ బాడీ కన్‌స్ట్రెయింట్లు (ముక్కల్ని కలిపి పట్టుకునే అతుకులు) పెట్టి, బలం ఎక్కువైతే అవి తెగేలా బ్రేకబుల్ అన్నది ఆన్ చేయండి. తెగే హద్దు పై డెక్కుల దగ్గర తక్కువ, డబుల్ బాటమ్ దగ్గర బాగా ఎక్కువ. దాంతో చీలిక దానంతటదే పైనుంచి కిందికి దిగుతుంది. అంతకన్నా ముఖ్యం, విరగకముందు ఓడ వంగాలి. చాలామంది వదిలేసేది ఇదే. లాటిస్ (మోడల్ ఆకారాన్ని వంచడానికి దాని చుట్టూ కట్టే గడుల చట్రం) కట్టి, చీలికకి కొన్ని సెకన్ల ముందు నుంచీ నడుము దగ్గర కొద్దిగా, కంటికి ఆనీ ఆననంత వంపు ఇవ్వండి, కిటికీల వరుస వంకర తిరగడంలోనే చూసేవాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది.

ఇక నీళ్ళు. బొమ్మలా కనిపించడానికి కారణం కాలం, కొలత. 20 మీటర్ల ఎత్తు నుంచి పడ్డ వస్తువు నీళ్ళని తాకడానికి 2 సెకన్లు పడుతుంది, అంటే సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 48 ఫ్రేములు. మీ పొగగొట్టం 12 ఫ్రేముల్లో పడిపోతుంటే అది 20 మీటర్ల ఎత్తు కాదని కన్ను వెంటనే పట్టేస్తుంది. పాతరోజుల్లో చిన్న నమూనా ఓడలతో సినిమాలు తీసినవాళ్ళు దీనికి లెక్క పెట్టుకున్నారు: అసలులో ఇరవయ్యో వంతు నమూనా అయితే 20కి వర్గమూలం, సుమారు నాలుగున్నర రెట్లు, నెమ్మదిగా చూపించాలి, అంటే సెకనుకి 107 ఫ్రేములతో తీసి 24తో ఆడించాలి. మీరు కంప్యూటర్‌లో ఓడని చిన్నది చేసి సిమ్యులేషన్ నడిపినా ఇదే లెక్క వర్తిస్తుంది. అసలు కొలతలతో అయితే గురుత్వం 9.81 దగ్గరే ఉంచండి. నీటి చుక్కల సైజు ఇంకో మోసం. 50 వేల టన్నుల ఓడ పక్కన గోళీకాయంత చుక్కలు విడివిడిగా కనిపించకూడదు. అక్కడ లేచేది తుంపర, నురగ. రిజల్యూషన్ పెంచడానికి మీ కంప్యూటర్ సహకరించకపోతే నీళ్ళని చీలిక దగ్గర మాత్రమే సిమ్యులేట్ చేసి మిగతా సముద్రాన్ని మామూలు ఉపరితలంగా వదిలేయండి. ఆ రాత్రి సముద్రం అద్దంలా కదలకుండా ఉంది కాబట్టి అలలు పెట్టకపోవడమే కరెక్ట్, మీ పని కూడా తేలిక.

ప్రశ్న: దీపాలు ఆరిపోయాక విరిగితే తెర నల్లగా ఉంటుందిగా. మరి ఏం చూపించాలి? (ఒక విద్యార్థిని, విజయవాడ)

జవాబు: నక్షత్రాలు ఉన్నాయి కదమ్మా. ఆకాశం నిండా నక్షత్రాలు పెట్టి, ఓడ ఆకారం వాటిని కప్పుతూ కదిలేటట్టు చేస్తే చాలు, ఏం జరుగుతోందో తెలుస్తుంది. వెన్నెల మాత్రం పెట్టొద్దు, అందంగా ఉంటుందని చాలామంది నీలం రంగు పులుముతారు, అది ఆ రాత్రికి చేసే అన్యాయం. రాకెట్ల వెలుగూ వద్దు, అవి అప్పటికే అయిపోయాయి. దీపాలు ఒక్కసారి ఎర్రబారి ఆరాక మిగతా కథంతా శబ్దానికి అప్పగించండి. విరగడం సరిగ్గా చూపించాలనుంటే అదే కదలికని ఇంకోసారి, పగటి వెలుగులో, ఓడని నిలువునా కోసిన బొమ్మలా చూపించొచ్చు. ఒకటి చూసినవాళ్ళ అనుభవం, రెండోది ఇంజనీర్ల బొమ్మ, రెంటినీ కలపకండి.

ప్రశ్న: నాసిరకం రివెట్ల వల్లే విరిగిందట, నిజమా? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: రివెట్ల మీద పరిశోధన నిజమే, కానీ అది విరగడం గురించి కాదు. ముందు, వెనక భాగాల్లో వాడిన ఇనుప రివెట్లలో మడ్డి (ఇనుములో మిగిలిపోయే మలినం, స్లాగ్ అంటారు) ఎక్కువగా ఉందని, మంచుకొండ తగిలినప్పుడు ముందువైపు అతుకులు విడిపోవడానికి అది కారణమై ఉండొచ్చని కొందరు లోహ నిపుణులు అన్నారు. విరిగింది నడుము, అక్కడ వాడినవి ఉక్కు రివెట్లు. వెనక భాగం గాల్లో వేలాడితే తట్టుకునేటట్టు ఆ కాలంలో ఏ ప్రయాణికుల ఓడనీ కట్టలేదు.

ప్రశ్న: 1,500 మంది చనిపోయిన ఘటనని పిల్లలు యానిమేషన్ ప్రాజెక్టుగా చేసుకోవడం నాకు ఇబ్బందిగా ఉంది. మీకు అలా అనిపించదా? (ఒక ఉపాధ్యాయుడు, వరంగల్)

జవాబు: అనిపిస్తుంది మాస్టారూ, ఒట్టి ఓడని విరిచి లైకులు లెక్కపెట్టుకునే వీడియోలు చూసినప్పుడు. కానీ కెమెరా లేనిచోట జరిగినదాన్ని గీసి చూపించడం యానిమేషన్ పుట్టిన తొలిరోజుల నుంచీ ఉన్న పని. 1915లో జర్మన్ సబ్‌మెరైన్ కొట్టగా 18 నిమిషాల్లో మునిగిన లూసిటేనియా ఓడని విన్సర్ మెకే అనే చిత్రకారుడు దాదాపు 25 వేల బొమ్మలు గీసి 1918లో తెరమీదికి తెచ్చాడు. యుద్ధకాలపు కోపం అందులో నిండా ఉంది, అయినా ఓడతో పాటు మనుషులూ కనిపిస్తారు. పిల్లలతో నేననేది ఒకటే: కెమెరాని ఒక పడవలో పెట్టండి, ఆ పడవలో మనుషుల్ని పెట్టండి. 2016లో ఒక బృందం టైటానిక్ మునక మొత్తాన్ని, మునగడానికి పట్టిన ఆ 2 గంటల 40 నిమిషాల నిడివితోనే యానిమేషన్ చేసింది. అందులో చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది, ఆ నెమ్మదే భయపెడుతుంది. దాన్ని తరగతిలో చూపించి మాట్లాడించవచ్చని నా ఉద్దేశం.

ప్రశ్న: విరిగాక నీళ్ళ కింద రెండు ముక్కలూ ఒకేలా దిగుతున్నట్టు చూపిస్తే సరిపోతుందా? (ఒక విద్యార్థి, తిరుపతి)

జవాబు: సరిపోదు. ముందు ముక్క అప్పటికే నీళ్ళతో నిండి ఉంది, లోపలా బయటా ఒత్తిడి సమానం. అందుకే ముక్కుతో బురదలోకి దిగబడి, ఇవాళ్టికీ ఓడ అని గుర్తుపట్టేటట్టుంది. వెనక ముక్కలో గాలి చిక్కుకుపోయి ఉంది, లోతుకి వెళ్ళేకొద్దీ నీటి ఒత్తిడికి లోపలికి నలిగి, రేకులు ఊడి, తిరుగుతూ దిగింది. దాన్ని చూస్తే ఓడలో ఏ భాగమో పోల్చుకోవడం కష్టం. కాబట్టి ముందు ముక్కకి మామూలు కదలిక చాలు, వెనకదానికి నలిగే సిమ్యులేషన్ విడిగా కావాలి, రెంటికీ వేర్వేరు ఫైళ్ళు పెట్టుకోండి. 3,800 మీటర్ల లోతులో సూర్యకాంతి ఉండదు, దీపం పట్టుకెళ్ళిన కెమెరాకి ఓడ మొత్తం ఒక్క ఫొటోలో ఎప్పుడూ పట్టలేదు. 2022లో 7 లక్షలకి పైగా ఫొటోలు తీసి, వాటిని కలిపి చేసిన త్రీడీ స్కాన్‌లోనే మొదటిసారి శిథిలం మొత్తం కనిపించింది. 2023లో విడుదల చేసిన ఆ చిత్రాలు నెట్‌లో దొరుకుతాయి, వెనక ముక్క మోడల్ మొదలుపెట్టేముందు వాటిని దగ్గర పెట్టుకోండి.