బావి ఎక్కడుందో పగలే చూసిరా

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. డిసెంబరు 13 రాత్రి మీరు ఆరుగురు హార్సిలీ కొండ కింద ఎవరిదో మామిడితోట పక్క బీట్లో పడుకుని ఉల్కలు చూస్తారంట. మీ నాయన వద్దన్నాడంట. నువ్వు రెండు రోజులుగా సరిగా అన్నం తినలేదంట. అన్నం మీద అలగడమేంది తల్లీ, వాడికి నేను చెప్తాలే, పంపిస్తాడు. కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే నువ్వు కదలాలి.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. పంచాంగం చూశాను, చంద్రుడు పదిలోపే దిగిపోతాడు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మాత్రం మదనపల్లె దాకా మబ్బు కమ్ముతుంది, అట్లయితే మొండికెయ్యకుండా ఇంటికొచ్చెయ్. కంబళి, మంకీ క్యాపు, కింద పరుచుకోను టార్పాలిన్ పట్టుకుపో. బూట్లు విప్పొద్దు. రాళ్లు కదిలించొద్దు, తేళ్లుంటాయి. బొరుగులు, వేయించిన చెనక్కాయలు నేను పంపిస్తా. టెలిస్కోపు లేదని దిగులొద్దు, ఉల్కలు ఏ మూల రాలతాయో తెలియదు కాబట్టి దానితో పని లేదు. వెల్లకిలా పడుకుంటే చాలు. కన్ను చీకటికి అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోను వెలిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర కవరు రెండు మడతలు చుట్టుకో.

రాత్రి ఎనిమిదికి తూర్పున పునర్వసు రెండు చుక్కలూ పక్కపక్కన లేస్తాయి. ఉల్కలన్నీ ఆ దిక్కు నుంచే వచ్చినట్టు కనపడతాయి. రాత్రి రెండు గంటలకు ఆ జంట దాదాపు నడినెత్తికి వస్తుంది, అసలు చూడాల్సింది అప్పుడు. ఉల్కావర్షాలు చాలామటుకు తోకచుక్కలు వదిలిన ధూళి. మీరు చూడబోయేది మాత్రం ఫేథాన్ అనే గ్రహశకలానిది, దాన్ని 1983లో కనిపెట్టారు. సెకనుకు 35 కిలోమీటర్ల వేగమంటే ఉల్కల్లో నిదానమే, చూపుకు అందుతాయి.

గొల్లకావడి కూడా చూడు, వరసగా మూడు చుక్కలుంటాయి. మీ అవ్వ మమ్మల్ని కళ్లంలో పడుకోబెట్టి పిల్లలకోడిని, గొల్లకావడిని చూపించేది. ఆ కావడి కింద మసక మసగ్గా ఒకటి కనపడుతుంది. అది చుక్క కాదమ్మా, కొత్త చుక్కలు పుట్టే మబ్బు, 1,300 కాంతి సంవత్సరాల దూరం అని డిగ్రీలో చదువుకొచ్చి అవ్వకు చెప్పాను. చాలాసేపు చూసి "అయితే ఇంకా కాన్పులు అవుతానే ఉండాయన్నమాట" అంది.

ఇప్పుడు నేను చెప్పాల్సింది విను. మీ నాయనకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

1986 ఏప్రిల్. హేలీ తోకచుక్క 11వ తేదీన భూమికి దగ్గరగా వచ్చింది. నాకు టీచరు ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎవరినో అడిగి ఒక బైనాక్యులర్ తెచ్చాను, పదిమంది పిల్లల్ని వెంటబెట్టుకుని రాత్రి ఊరి బయట చేలల్లోకి పోయాను. పగలు ఆ చోటు చూసిరాలేదు. దారి తెలుసు కదా అనుకున్నాను. ఒంటిగంటప్పుడు దక్షిణాన అది కనపడింది, పొగలాగా, దూది పింజలాగా. తోక ఏదని పిల్లలు ఒకటే అడగడం. చింతచెట్టు కొమ్మ అడ్డం వస్తుంటే నేనే అన్నాను, "అందరూ నాలుగడుగులు వెనక్కి జరగండ్రా" అని.

అందరూ పైకి చూస్తూనే వెనక్కి జరిగారు. నేనూ పైకే చూస్తున్నాను. కేక వినపడలేదు. మట్టిపెళ్ల రాలిన చప్పుడు, ఆ తర్వాత నీళ్ల చప్పుడు. టార్చి వేసి లెక్కబెట్టాను. తొమ్మిది. మళ్లీ లెక్కబెట్టాను. తొమ్మిదే. వెనకాల గట్టు లేని మోటబావి, అంచు మీద గడ్డి, ఆ గడ్డిలో ఒక చెప్పు.

ఎనిమిదో తరగతి పిల్లోడు. బైనాక్యులర్ వాడి వంతుకు ఇంకా రాలేదు. పక్క చేలో గొర్రెల మంద కట్టిన కాపరి పరిగెత్తుకొచ్చి, మోకు పట్టుకుని దిగి వాణ్ణి పైకి తెచ్చాడు. నీళ్లు మొలలోతే ఉండాయి కాబట్టి బతికాడు. చెయ్యి విరిగింది. పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు, అతుక్కుంది. మరుసటి రోజు వాళ్లింటికి పోతే వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ చుక్క వీడు చూసినాడా టీచరమ్మా?" అని అడిగింది. లేదన్నాను. అది మళ్లీ వచ్చేది 2061లో. అప్పటికి అతనికి 88 ఏళ్లు.

ఆ తర్వాత నేను ఏ పిల్లల్నీ రాత్రిపూట బయటికి తీసుకుపోలేదు. ముప్పై ఏళ్లకు పైగా చుక్కల్ని బోర్డు మీద సుద్దముక్కతోనే గీశాను.

ఇప్పుడు బావులెక్కడున్నాయి అంటావేమో. ఉండాయి. బోర్లు వేశాక నీళ్లు పోయాయి గానీ బావులు పోలేదు. ముళ్లకంప కమ్ముకుని అంచు కూడా తెలియదు, పడితే కింద నీళ్లు కూడా ఉండవు. మూత వెయ్యని బోరుగుంతలు వేరే. అందుకని 13న పొద్దు ఉండగానే పోయి, తోట మనిషిని పక్కన పెట్టుకుని ఆ బీడంతా నడిచి చూడు. బావి గానీ గుంత గానీ కనపడితే చోటు మార్చు. లేకపోతే ఎంత దూరంలో ఉందో అడుగులు లెక్కబెట్టి, ఆ వైపు తెల్లగుడ్డ కట్టిన తాడు లాగండి. పైకి చూస్తూ ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు. చూసేటప్పుడు పడుకో, నడిచేటప్పుడు నేల చూడు. గంటకోసారి ఆరుగురినీ పేరు పెట్టి పిలువు.

కోప్పడ్డానని అనుకోవద్దు తల్లీ. ఎమ్మెస్సీలో ఖగోళం చదువుతావని మీ అమ్మ చెప్పినప్పుడు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు హైదరాబాదులోనే పెరిగారు, వాళ్ల నాయన నిజామియా వేధశాలలో పనిచేశారు. తమిళనాడులో ఆయన పేరు పెట్టిన కావలూరు వేధశాల మనకు అంత దూరమేం కాదు. వేసవిలో నిన్ను తీసుకుపోతా. మీ నాయనను కూడా.

ఆ రాత్రి నేను మిద్దె మీద మంచం వేయించుకుంటా. రెండు గంటలకు ఫోన్ చెయ్యి. ఎన్ని ఉల్కలు చూశావో పొద్దున చెబుదువులే. ఆరుగురూ ఉండారని ఒక్క మాట చెప్పి పెట్టేసెయ్.

మీ అత్త