43 కిలోల తల్లి, 2.38 కిలోల బిడ్డ

"నేను బాగా సన్నం. గర్భం వచ్చాక బాగా తింటే సరిపోతుందా, ముందే బరువు పెరగాలా?" అని అడిగారు. ముందే పెరగండి. పడ్డదాన్ని కాబట్టి చెబుతున్నా.

మొదటిసారి నెల తప్పేనాటికి నా ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 43 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు సరిపోతుందో లేదో చెప్పే అంకె, 18.5 కంటే తక్కువుంటే బరువు తక్కువ కింద లెక్క. నాది 17 చిల్లర. అదేదో ఘనకార్యం అనుకునేదాన్ని. మొదటి చెకప్‌లో నర్సు "గర్భం రాకముందు ఎంత ఉండేవారు?" అని అడిగితే, తిడుతుందేమోనని రెండు కిలోలు కలిపి 45 అన్నాను. ఆవిడ రాసేసుకుంది.

38 వారాలు నిండాక బాబు పుట్టాడు. తూకం మీద పెడితే కాళ్లు ఒకటే కొట్టుకుంటున్నాడు, అంకెలు నిలవవు. 2.41, 2.36, మళ్లీ 2.40. నర్సు వాడి పొట్ట మీద చెయ్యి వెయ్యబోయి, ఆ బరువు కూడా కలుస్తుందని గుర్తొచ్చి తీసేసింది. చివరికి 2.38 దగ్గర ఆగింది. ఆవిడ ఏమీ అనలేదు, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. రెండున్నర కిలోల లోపు పుడితే తక్కువ బరువు బిడ్డే. మూడో రోజుకు 2.2కి దిగాడు. పుట్టగానే కొంచెం తగ్గడం మామూలేనట, ఆ టెన్షన్‌లో అది ఎవరికి ఎక్కుతుంది? డైపర్ తొడల దగ్గర ఇంత వదులు. రెండు గంటలకోసారి లేపి పాలు పట్టడమే పని.

నేనేమీ తినకుండా కూర్చోలేదు, నాలుగో నెల నుంచి బాగానే తిన్నాను. కానీ బిడ్డకు అన్నీ అందించే మాయ తయారయ్యేది మొదటి నెలల్లో. వాంతులతో ఏదీ సయించనివీ ఆ నెలలే. అప్పుడు ఆదుకోవాల్సింది ఒంట్లో ముందునుంచీ ఉన్న నిల్వ. నా దగ్గర అది లేదు.

రెండోసారి 54 కిలోలకు చేరాకే ప్రయత్నించాం. పాప 3.1. రెండో కాన్పు బిడ్డలు మామూలుగానే కాస్త బరువుంటారని డాక్టరమ్మ అన్నారు. నేను ఒప్పుకోను, ఆ గొప్పంతా నా 11 కిలోలదే.

అలాగని ఎంత ఉంటే అంత మంచిదని కాదు. మా తోటికోడలు 86 కిలోలతో మొదలుపెట్టింది, తర్వాత షుగర్ తేలింది, బాబు 4.2. తల్లి రక్తంలో చక్కెర మాయ దాటుతుంది, ఇన్సులిన్ దాటదు. బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ చేసుకుని కొవ్వు పడతాడు. పుట్టాక ఆ చక్కెర సరఫరా ఆగుతుంది, ఇన్సులిన్ మాత్రం మిగిలి బిడ్డ షుగర్ పడిపోవచ్చు. అందుకే వాడి మడమకు పదేపదే సూది గుచ్చి షుగర్ చూశారు. చూడవచ్చినవాళ్లంతా "ఎంత బొద్దుగా ఉన్నాడో!" అని మురిసిపోయారు గానీ ఆ మడమ వైపు ఒక్కరూ చూడలేదు. వాళ్లే నా దగ్గరికొచ్చి "మీ వాడికి పాలు సరిపోవట్లేదా?" అని ఆరా తీశారు. ఇద్దరికీ ఇచ్చిన సలహా మాత్రం ఒకటే, ఇద్దరి తిండి తినమని! మొదలు బరువు తక్కువైతే గర్భంలో 12.5 నుంచి 18 కిలోల వరకు పెరగాలి, ఊబకాయం ఉంటే 5 నుంచి 9 చాలు. ఒకే సలహా ఎలా సరిపోతుంది?

ఈ వారంలోనే ఒక పొద్దున పరగడుపున తూకం ఎక్కి, ఆ అంకె రాసి పెట్టుకోండి. రేపు మొదటి చెకప్‌లో అడుగుతారు. నాలా కలిపి చెప్పకండి.