అప్పుకు ముందు అడగాల్సినవి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

విదేశంలో చదువుకు ముందు సీటు రానీ, డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం అని రాశావు. ఆ వరస మార్చుకో తల్లీ. పేరున్న స్కాలర్‌షిప్పుల్లో చాలావాటికి గడువు చదువు మొదలవడానికి నెలల ముందే, కొన్నిటికి దాదాపు ఏడాది ముందే అయిపోతుంది. సీటొచ్చాక వెతుక్కుంటే మిగిలేది బ్యాంకు అప్పే.

మాస్టర్సా, పీహెచ్‌డీయా అని ఊగిసలాడుతున్నావు. డబ్బు వైపు నుంచి ఆ రెండింటికీ చాలా తేడా. అమెరికాలో సైన్సు, ఇంజనీరింగు పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు. బదులుగా టీచింగ్ అసిస్టెంటుగానో రీసెర్చ్ అసిస్టెంటుగానో పనిచెయ్యాలి. మాస్టర్స్‌కి చెయ్యి అంత ధారాళంగా ఉండదు. అలాగని డబ్బు కోసమే పీహెచ్‌డీలో చేరకు. ఇష్టం లేని పరిశోధనను ఏళ్లకేళ్లు ఈడ్చడం నరకం.

మాస్టర్సే అనుకుంటే నా ఓటు ఎరాస్మస్ ముండుస్‌కి, అంటే యూరోపియన్ యూనియన్ నడిపే ఉమ్మడి మాస్టర్స్ కోర్సులకి. కనీసం రెండు దేశాల్లో చదువు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు వాళ్లే భరించి, ఖర్చులకు నెలకు 1400 యూరోలిస్తారు. దరఖాస్తు మాత్రం ఏ కోర్సుకు ఆ కోర్సుకే. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ మంచిదే కానీ రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజే లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్లు సెమిస్టరుకు 1500 యూరోలు కట్టాలి. ఫీజు లేకపోయినా, ఏడాది ఖర్చులకు సరిపడా సొమ్ము ముందే బ్లాక్డ్ ఖాతాలో (నెలకు ఇంతని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) చూపించమంటారు.

డిపార్ట్‌మెంటుకు మెయిల్ రాసేటప్పుడు ‘ఏమైనా స్కాలర్‌షిప్ ఉందా?’ అని అడగకు. వెబ్‌సైట్ చూసుకోమని ఒక్క ముక్క జవాబొస్తుంది. ‘కిందటేడు ఈ కోర్సులో చేరిన విదేశీ విద్యార్థుల్లో ఎందరికి అసిస్టెంట్‌షిప్ దొరికింది? మొదటి సెమిస్టరు నుంచేనా? ఫీజు మొత్తం మాఫీనా, కొంతేనా?’ అని అడుగు. ఆఫర్ లెటరొచ్చాక నిదానంగా చదువు. సాయం ఒక్క ఏడాదికేనా, ఏటా కొనసాగుతుందా, ఏ గ్రేడు తగ్గితే ఆగిపోతుంది? ట్యూషన్ మాఫీ అన్నా, మిగతా ఫీజులూ హెల్త్ ఇన్సూరెన్సూ నీ నెత్తిన పడొచ్చు. పెద్ద రాయితీతో మురిపించే సీటు కన్నా ఏ రాయితీ లేని తక్కువ ఫీజు సీటే చవకవ్వచ్చు. వాళ్లెంత ఇచ్చారని కాదు, నీ చేతి నుంచి ఎంత పోతుందో లెక్కెయ్యి. ఇంకోచోట మెరుగైన ఆఫరొస్తే ఆ లేఖ జతచేసి, ఇంకొంత సాయం వీలవుతుందేమో అడుగు. మొహమాటపడకు, వాళ్లకు ఇలాంటి మెయిళ్లు అలవాటే.

పార్ట్‌టైమ్ జీతాన్ని ఫీజు లెక్కలో కలపకు. అమెరికాలో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద, క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చెయ్యనివ్వరు. అది సరుకులకు సరిపోతే గొప్ప. ‘స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం, ముందు ఇంత కట్టండి’ అనేవాళ్ల జోలికి అసలు పోకు.

తమ్ముడు డిగ్రీకే వెళ్తానంటున్నాడట. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటి కొద్దిచోట్లే, విదేశీ విద్యార్థి సాయం అడిగాడా లేదా అన్నది చూడకుండా సీటిస్తారు. సీటొస్తే అవసరం మేరకు డబ్బూ సర్దుతారు. మిగతా చాలాచోట్ల అడగడమే సీటు మీద ప్రభావం చూపొచ్చు. వాణ్ణి ఆ సంగతి తెలుసుకుని దరఖాస్తు పెట్టమను.

నీ మెయిల్ పంపేముందు ఒకసారి నాకు చూపించు.

మీ పెదనాన్న