ఛాతీ మీద వెంట్రుకలు తీసేస్తే మగతనం తగ్గుతుందా?

ఒంటి మీద వెంట్రుకల గురించి అడగడానికి మగవాళ్లు మొహమాటపడతారు. ఎవరినీ అడక్కుండా బ్లేడు పట్టుకుంటారు, దురదలూ పొక్కులూ వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఈసారి శీర్షికంతా ఆ సందేహాలకే.

ప్రశ్న: నాకు ఛాతీ మీద, పొట్ట మీద వెంట్రుకలు బాగా ఒత్తుగా ఉంటాయి. తీసేద్దామంటే స్నేహితులు నవ్వుతున్నారు, మగాడికి అదే అందం అంటున్నారు. ఒకసారి తీస్తే ఇంకా మొరటుగా మొలుస్తాయని కూడా భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: రెండూ నిజం కావు. ఛాతీ మీద వెంట్రుకలు మొలవడానికి పురుష హార్మోన్లే కారణం, అంతవరకు నిజం. కానీ టెస్టోస్టిరాన్ సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకరికి ఛాతీ నిండా వెంట్రుకలుంటాయి, మరొకరికి నున్నగా ఉంటుంది. హార్మోనుకు వెంట్రుక కుదురు ఎంతగా స్పందిస్తుందన్నదే ఆ తేడా, అది వంశపారంపర్యంగా వస్తుంది. ఒత్తుగా ఉన్నవాడు ఎక్కువ మగాడూ కాదు, లేనివాడు తక్కువా కాదు. ఇక చర్మం పైకి కనిపించే వెంట్రుక జీవం లేని పోగు. దాన్ని కోసినా కింద కుదురు పనిలో ఏ మార్పూ ఉండదు.

మొరటుదనం సంగతి. సహజంగా పెరిగిన వెంట్రుక కొస సన్నగా దిగి ఉంటుంది. బ్లేడు దాన్ని అడ్డంగా కోస్తే మొండి కొస మిగిలి చేతికి గరుగ్గా తగులుతుంది. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త గడ్డం గీసుకునే మగవాళ్ల వెంట్రుకలను కొలిచి చూశారు. మందంలో గానీ పెరిగే వేగంలో గానీ తేడా రాలేదు.

కాబట్టి తీయాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఛాతీకి రేజర్ కన్నా ట్రిమ్మర్ మేలు. 3 మిల్లీమీటర్ల గార్డు (దువ్వెన లాంటి తొడుగు) పెట్టి, వెంట్రుకలు పొడిగా ఉన్నప్పుడే నడపండి. నున్నగా గీస్తే రెండు మూడు రోజులకే మొండి కొసలు చొక్కాకు రాసుకుని దురద మొదలవుతుంది.

వెంట్రుకలకూ హార్మోన్లకూ ముడిపెట్టి ఆలోచించాల్సిన సందర్భం మరొకటుంది. మీరేమీ చేయకుండానే ఛాతీ, చంకల వెంట్రుకలు పల్చబడుతూ, గడ్డం గీసుకోవాల్సిన అవసరం తగ్గుతూ, నీరసం, కోరికలు తగ్గడం కూడా ఉంటే డాక్టరును కలవాలి. టెస్టోస్టిరాన్ పరీక్ష ఉదయం పూటే, 8 నుంచి 10 గంటల మధ్య చేయించుకోవాలి. గుండ్రటి మచ్చల్లా ఊడిపోతే మాత్రం అది పేనుకొరుకుడు కావచ్చు, దాని వైద్యం వేరు.

ప్రశ్న: గజ్జల్లో, మర్మాంగాల దగ్గర షేవ్ చేసుకున్న రెండో రోజు నుంచి విపరీతమైన దురద, ఎర్రటి పొక్కులు. శుభ్రత కోసమే చేస్తున్నాను. ప్రతిసారీ ఇదే గొడవ.

జవాబు: ముందుగా ఒక మాట. అక్కడ వెంట్రుకలు ఉండటం అపరిశుభ్రత కాదు. చర్మం చర్మానికి రాసుకోకుండా అవి అడ్డుగా ఉంటాయి. రోజూ నీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టుకుంటే శుభ్రతకు అంతే చాలు. పొడవు ఇబ్బందిగా ఉంటే ట్రిమ్మర్‌తో 3 నుంచి 6 మిల్లీమీటర్లకు తగ్గించుకోండి. చాలామందికి దీంతోనే సమస్య తీరిపోతుంది.

అక్కడి వెంట్రుక ఉంగరాలు తిరిగి ఉంటుంది. మూడు నాలుగు బ్లేడ్ల రేజర్ ఆ వెంట్రుకను పైకి లాగి మరీ కోస్తుంది, దాంతో కొస చర్మం కిందికి జారిపోతుంది. తిరిగి పెరిగేటప్పుడు ఆ వాడి కొస బయటికి దారి దొరక్క చర్మాన్ని లోపలి నుంచే పొడుస్తుంది. ఎర్రటి పొక్కు అదే. చెమట, లోదుస్తుల రాపిడి తోడై, గోకినప్పుడు గోళ్లలోని బ్యాక్టీరియా చేరితే అది చీముపొక్కుగా మారుతుంది.

ఎలాగైనా షేవ్ చేసుకోవాలనుకుంటే రేజర్ పెట్టే ముందు ట్రిమ్మర్‌తో 2 మిల్లీమీటర్ల వరకు కత్తిరించండి. పొడవు వెంట్రుక మీద నేరుగా బ్లేడు నడపడమే చాలామంది చేసే తప్పు, అది కోయదు, లాగుతుంది. తర్వాత 5 నిమిషాలు గోరువెచ్చటి నీళ్లతో తడిపి, సువాసన లేని షేవింగ్ జెల్ రాసి 2 నిమిషాలు ఆగండి. ఒకటి లేదా రెండు బ్లేడ్ల రేజర్, అదీ పదునుగా ఉన్నది వాడండి. వెంట్రుక ఏ వైపుకు వాలి ఉందో ఆ వైపుకే, చేయి బరువు వేయకుండా పొట్టిగా గీయండి. ఎదురు గీయొద్దు. గజ్జల దగ్గర చర్మాన్ని గట్టిగా సాగదీయొద్దు, సాగదీసి కోస్తే వదిలిన వెంటనే కొస లోపలికి పోతుంది. ఒకే చోట రెండుసార్లకు మించి గీయొద్దు. వృషణాల తిత్తి మీద అసలు రేజర్ పెట్టొద్దు. ఆ ముడతల్లో తెగడం ఖాయం, గార్డు ఉన్న ట్రిమ్మరే అక్కడికి తగినది.

అయ్యాక చల్లటి నీళ్లతో కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, సువాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. గడ్డానికి వాడే ఆఫ్టర్‌షేవ్ అక్కడ వద్దు. ఒక రోజు పాటు వదులైన నూలు లోదుస్తులు వేసుకోండి, వ్యాయామం ఆపండి. బ్లేడును 5 నుంచి 7 సార్లు వాడాక పారేయండి. ఇతరుల రేజర్ ఎప్పుడూ వాడొద్దు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు రక్తపు చుక్కతోనే అంటుకుంటాయి, పులిపిర్లు కూడా ఒకరి రేజర్ మరొకరు వాడితే పాకుతాయి.

ఇప్పుడున్న పొక్కులు తగ్గాలంటే కనీసం నెల రోజులు రేజర్ ముట్టుకోవద్దు. గోరువెచ్చటి తడిగుడ్డతో 10 నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు కాపడం పెట్టండి. సూదితో పొడిచి వెంట్రుక లాగడం మానుకోండి, మచ్చలు పడతాయి. దురద తగ్గుతుందని స్టెరాయిడ్ కలిసిన క్రీములు సొంతంగా రాయడం ఇంకా పెద్ద పొరపాటు. గజ్జల్లో చర్మం పల్చబడి చారలు పడతాయి, తామర ఉంటే మొండిదవుతుంది. మచ్చ అంచు ఎర్రగా పాకుతూ మధ్యలో మామూలుగా ఉంటే అది షేవింగ్ పొక్కు కాదు, తామరే అయ్యుండొచ్చు. వాపు, నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: హెయిర్ రిమూవల్ క్రీమును వృషణాల మీద రాశాను. భరించలేని మంట, చర్మం ఊడింది. క్రీము మంచిది కాదా?

జవాబు: క్రీము తప్పు కాదు, రాసిన చోటు తప్పు. ఈ క్రీముల్లో ఉండే థయోగ్లైకోలేట్ అనే రసాయనం బాగా క్షార గుణం ఉన్న ద్రావణంలో వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రోటీన్ బంధాలను తెంచి దాన్ని మెత్తబరుస్తుంది. చర్మం పైపొరలోనూ కెరటిన్ ఉంది. తిత్తి మీద చర్మం మరీ పల్చన కాబట్టి త్వరగా కాలిపోతుంది. మంట మొదలవగానే 15, 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. క్షారానికి విరుగుడని నిమ్మరసం లాంటివి పోయొద్దు. చర్మం ఊడింది కాబట్టి మీరు డాక్టరుకు చూపించాలి.

ఛాతీకి, కాళ్లకు వాడుకోవచ్చు. ముందు కాస్త చోట రాసి, కడిగేసి, 24 గంటలు చూడండి. డబ్బా మీద రాసిన సమయం దాటించొద్దు. గీతలు, గాట్లు ఉన్న చర్మానికి రాయొద్దు.

ప్రశ్న: వీపు, భుజాల మీద వెంట్రుకలు లేజర్‌తో శాశ్వతంగా పోతాయా? వయసు 22.

జవాబు: బాగా తగ్గుతాయి, అయితే పూర్తిగా, ఎప్పటికీ రావని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు. వెంట్రుకలోని నల్లటి రంగు పదార్థం కాంతిని పీల్చి వేడెక్కుతుంది, ఆ వేడి కుదురును దెబ్బతీస్తుంది. పెరిగే దశలో ఉన్న వెంట్రుకలకే ఇది పనిచేస్తుంది కాబట్టి 6 నుంచి 8 విడతలు, ఒక్కోదానికి 6 నుంచి 8 వారాల ఎడం అవసరమవుతుంది. తర్వాత కూడా అప్పుడప్పుడు చేయించుకోవాలి. తెల్ల వెంట్రుకకు అసలు పనిచేయదు.

చర్మం ఛాయ నలుపైతే చర్మంలోని రంగు కూడా వేడిని పీల్చుకుంటుంది. అప్పుడు కాలిన మచ్చలు పడతాయి. అలాంటివారికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ ఎక్కువ సురక్షితం. ఏ లేజర్ వాడుతున్నారో అడగండి, ముందు చిన్న చోట చేసి చూడమనండి. లేజర్‌కు ముందు 4 వారాలు వ్యాక్సింగ్ వద్దు, కుదుట్లో వెంట్రుక ఉండాలి. ముందు రోజు షేవ్ చేసుకోవచ్చు.

మీ వయసుకు రెండు సంగతులు ముఖ్యం. వీపు వెంట్రుకలు ముప్పైల్లోనూ కొత్తగా వస్తూ ఉంటాయి, ఇప్పుడు ఖర్చు పెట్టినా మళ్లీ అవసరం పడొచ్చు. రెండోది, భుజాల మీద సన్నటి, పల్చటి వెంట్రుకలకు లేజర్ చేస్తే కొందరిలో అవి తగ్గకపోగా మందంగా పెరుగుతాయి. ఒత్తుగా, నల్లగా ఉన్న చోటుకే పరిమితం కావడం మంచిది. ఈలోగా పొడవు పిడి ఉన్న ట్రిమ్మర్ వాడండి. వ్యాక్సింగ్ అయితే వెంట్రుక 5, 6 మిల్లీమీటర్లు ఉండాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, ఆపి 6 నెలలు కాకపోయినా వ్యాక్సింగ్ వద్దు, చర్మం ఊడివస్తుంది.

ప్రశ్న: నెల రోజుల్లో నాకు హెర్నియా ఆపరేషన్. ముందే ఇంట్లో షేవ్ చేసుకోనా?

జవాబు: వద్దు. బ్లేడు చేసే కంటికి కనబడని గాట్లలో బ్యాక్టీరియా చేరి, కోత చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు కూడా వెంట్రుకలు తీయొద్దనీ, తప్పనిసరైతే క్లిప్పర్‌తోనే తీయాలనీ చెప్పాయి. ఆ పని ఆసుపత్రివాళ్లకే వదిలేయండి.

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. తోటి పిల్లలు ఎగతాళి చేస్తున్నారని కాళ్లు, చేతులు గీసుకుంటున్నాడు. మాన్పించాలా?

జవాబు: తిట్టొద్దు, నవ్వొద్దు. తండ్రి కూడా నవ్వితే వాడు తలుపేసుకుని, దొరికిన పాత బ్లేడుతో గీసుకుంటాడు. ఆ వయసులో కొందరికి ముందు, కొందరికి ఆలస్యంగా వెంట్రుకలు వస్తాయని, రెండూ మామూలేనని చెప్పండి. తీసుకోవాలనే ఉంటే వాడికంటూ ఒక ట్రిమ్మర్ కొనిచ్చి, గార్డు ఎలా తగిలించాలో, వాడాక ఎలా శుభ్రం చేయాలో పక్కన ఉండి చూపించండి. ఎగతాళి బెదిరింపుల దాకా వెళ్తోందా అని మెల్లగా అడగండి. అలాగైతే బడికి వెళ్లి టీచరుతో మాట్లాడాల్సింది మీరే.