బోనెక్కే ముందు

అమ్మలూ,

శాఖకు నువ్విచ్చిన సలహా గురించి సాక్ష్యం చెప్పమని సమన్లు వచ్చాయనీ, బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పేస్తానంటున్నావనీ తెలిసింది. ప్రభుత్వ ప్లీడరుగా ఉంటూ అంత తెగువ చూపేవాళ్లు తక్కువ. గర్వంగానే ఉంది. కానీ ఆ "చెప్పేస్తాను" అన్నదే నాకు టెన్షన్.

తేదీ రాసుకో, టైముకి వెళ్లు, ఆ కేసులో ఇక నువ్వు వాదించకు. ఇవి నీకు తెలిసినవే.

నాతో పనిచేసిన ఒకాయన సంగతి విను. పేరు వద్దులే. భూసేకరణ పరిహారం కేసు. శాఖకు ఆయనిచ్చిన సలహా గురించి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ముందురోజు కోర్టు వరండాలో ఒక అధికారి "చెప్పేయండి సార్, మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఈయన నోట్ ఫైల్లో తాను రాసినదంతా బోనులో పూసగుచ్చినట్టు చెప్పేశాడు. వారం తిరక్కుండా శాఖ మేం అనుమతి ఇవ్వలేదంది. కాగితం చూపించమంటే ఏం చూపిస్తాడు? ఆ అధికారి అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయాడు. ఈయన లంచం తినలేదు, అబద్ధమాడలేదు. అయినా పదవి పోయింది. ఆ తర్వాత వాదించడానికి లేస్తే, చేతిలో కాగితాలున్నా తడుముకునేవాడు. పక్కన కూర్చుని చూడలేకపోయేవాణ్ణి.

లాయరుతో క్లయింటు చెప్పుకున్నదీ, లాయరిచ్చిన సలహా రహస్యమే. ఆ రహస్యం నీది కాదే పిల్లా, క్లయింటుది. నీ క్లయింటు ప్రభుత్వం. నీకు రోజూ ఫోన్ చేసే డైరెక్టరూ కాదు, మంత్రీ కాదు. భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ అడిగేది స్పష్టమైన సమ్మతి. దాన్ని రాతలో తెచ్చుకో. పదవి దిగినా ఆ బాధ్యత పోదు. ఇన్నేళ్లయినా మీ అత్తకు ఒక్క ముక్క చెప్పలేదని ఇప్పటికీ సాధిస్తుంది. నువ్వేమో మీ అమ్మకు సగం కేసు చెప్పేశావు! ముందు అది మానెయ్.

అలాగని అన్నిటికీ నోరు కట్టేసుకోకు. అఫిడవిట్ ఏ తేదీన వేశారంటే చెప్పు. తప్పుడు పనికోసమే సలహా అడిగి ఉంటే ఆ మాటకు రక్షణ లేదు. నువ్వు పనిలో ఉండగా నీ కళ్లబడ్డ మోసానికీ లేదు. నీ అనుమానం అదేనని నాకు తెలుసు. కానీ తీర్పు నువ్వివ్వకు. ప్రశ్న పడగానే "ఇది ప్రివిలేజ్ కిందికి, అంటే క్లయింటు రహస్యానికున్న రక్షణ కిందికి, వస్తుందేమో, కోర్టువారు నిర్ణయించాలి" అని ఆగు.

నీ దగ్గరున్న ఫైలు తెమ్మంటే, అభ్యంతరమున్నా తీసుకెళ్లాల్సిందే. అదే చట్టంలో 165వ సెక్షన్ చెప్పేది అదే. సీల్డ్ కవరులో పెట్టి జడ్జికే ఇవ్వు. ప్రధాని భద్రతకు సంబంధించిన 'బ్లూ బుక్' అనే నియమాల పుస్తకం రహస్యమని ప్రభుత్వం పట్టుబడితే, కావాలంటే కోర్టు చూసి తేల్చవచ్చని 1975లో రాజ్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవి రాజ్య వ్యవహారాలు, బయటపెట్టకూడదంటూ ప్రభుత్వం అడ్డం చెప్పాలనుకుంటే శాఖాధిపతి చూసుకుంటాడు, ఆ బరువు నువ్వెత్తుకోకు.

సమ్మతి కోసం శాఖకు రేపే లేఖ పంపి, అందినట్టు ముద్ర వేయించుకో. జవాబు రాకపోతే, రాలేదని జడ్జికి చెప్పు.

మీ మామయ్య