ట్రిస్ బఫర్ పీహెచ్ కోల్డ్ రూమ్‌లో పెట్టగానే ఎందుకు పెరుగుతుంది?

పీహెచ్ మీటర్ చెడిపోలేదు, చల్లబడితే ట్రిస్ బఫర్ (ల్యాబ్‌లో పీహెచ్‌ను స్థిరంగా ఉంచడానికి వాడే ద్రావణం) పీహెచ్ నిజంగానే పెరుగుతుంది. ట్రిస్ అణువు తాను పట్టుకున్న ప్రోటాన్‌ను వదలాలంటే వేడి కావాలి. చల్లబడే కొద్దీ ఆ వదలడం తగ్గి, ద్రావణంలో విడి ప్రోటాన్లు తక్కువై, పీహెచ్ పైకి పోతుంది, డిగ్రీకి సుమారు 0.03 చొప్పున. హైదరాబాద్‌లో ఏసీ ల్యాబ్‌లో 25 డిగ్రీల దగ్గర సరిగ్గా 8.0కి తెచ్చిన బఫర్, 4 డిగ్రీల కోల్డ్ రూమ్‌లో దాదాపు 8.6 అవుతుంది. అదే మే నెలలో కరెంటు పోయి గది 37 డిగ్రీలకు చేరితే 7.7 దగ్గరకు దిగుతుంది. ఎంజైమ్‌కి ఇది చిన్న తేడా కాదు!

మీటర్‌లో టెంపరేచర్ కరెక్షన్ ఉందిగా, అదే చూసుకుంటుందిలే అని చాలామంది అనుకుంటారు. అది సరిచేసేది ఎలక్ట్రోడ్ స్పందనను మాత్రమే, ద్రావణంలో వచ్చిన మార్పును కాదు. ప్రయోగం ఏ ఉష్ణోగ్రతలో చేస్తారో ఆ ఉష్ణోగ్రతలోనే పీహెచ్ సరిచేసుకోండి.